మామ అరచేతికి రాసిన పసుపు

మొన్న ఆర్మూర్‌లో మా ఎదురింటి పిల్ల పెళ్ళికి పసుపు దంచుతుంటే నన్నూ పిలిచారు. ఆడవాళ్ళంతా రోకలి మార్చుకుంటూ నవ్వుకుంటూ పాటలు పాడుతున్నారు. తడిపిన పసుపు గిన్నె నా చేతికిచ్చి, "పిల్లకు నువ్వు రాయి అక్కా" అన్నారు. రెండు వేళ్ళు ముంచి, అంతలోనే చెయ్యి వెనక్కి తీసుకున్నాను. గిన్నె పక్కావిడ చేతిలో పెట్టి, బయటికొచ్చి అరుగు మీద కూలబడ్డాను.

పసుపు మార్కెట్ ఉన్న ఊళ్ళో ఇన్నేళ్ళుగా కాపురం చేస్తున్నదాన్ని. బస్తాల బండ్లు ఇంటి ముందునుంచే పోతాయి. ఎండు కొమ్ము వాసన నన్నేమీ చెయ్యదు. నీళ్ళతో ముద్దగా కలిపి, మనిషి ఒంటికి రాయబోయే పసుపు వాసన తగిలితేనే నాకు రక్తం గుర్తొస్తుంది. అది మా బాపు రక్తం, మా నాన్న రక్తం.

మా పుట్టిన ఊరు ఇక్కడికి దూరమేమీ కాదు. జక్రాన్‌పల్లి దారిలో దిగి కొంత నడవాలి. ఊరు రెండు వాడలు. మాది మీది వాడ. మా అవ్వ, అంటే మా అమ్మ, కింది వాడ పిల్ల. పుట్టిల్లూ అత్తిల్లూ మూడు సందుల దూరంలోనే ఉండేవి కాబట్టి మా అవ్వ అలిగి పుట్టింటికి పోయినా పొయ్యి మీద అన్నం ఉడికే లోపల తిరిగొచ్చేది.

హోళీ నాటికి మా ఊళ్ళో పసుపు ఉడికే కాలం. గట్ల మీద పెద్ద పెద్ద కడాయిలు ఎక్కించి, పసుపు ఆకునే మంట పెట్టి, దుంపలు ఉడకబెట్టేవాళ్ళు. ఆ పొగ కళ్ళల్లో కారం కొట్టినట్టుండేది, ఆవిరి మాత్రం కమ్మగా ఉండేది. ఇంట్లో మా అవ్వ ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతుంటే తంబాకు వాసన. పెరట్లో మోదుగుపూలు నానేసిన గాబు. పండుగకు మెడలో వేసే చక్కెర పేర్లను, ఆ బిళ్ళల దండల్ని, బాపమ్మ ఉట్టి మీద దాచేది. నేను వాటిల్లోంచి ఒక్కొక్క బిళ్ళ ఊడదీసి తిని, మిగిలినవి దగ్గరగా జరిపి దారం ముడేసేదాన్ని. "గీ పేరు ఏడాదికేడాది పొట్టిగైతాంది, చక్కెర గూడ ముసలిదైతదా పొల్లా?" అని బాపమ్మ నా వీపు మీద ఒక్కటిచ్చేది.

బాపమ్మ అంటే మా నాయనమ్మ. ఊరందరికీ పెద్దవ్వ. హోళీ రోజు పొద్దు గుంకకముందు ఆమె లేకుండా మా ఊళ్ళో ఆట మొదలయ్యేది కాదు.

ఆట అంటే పిడికిళ్ళతో కొట్టుకోవడం. పంచాయతీ ముందున్న ఖాళీ జాగాలో మోకు, అంటే లావుపాటి తాడు, అడ్డంగా కట్టేవాళ్ళు. మీది వాడ మగవాళ్ళు ఒక పక్క, కింది వాడ మగవాళ్ళు ఇంకో పక్క. ఎడమ చేత్తో మోకు పట్టుకుని కుడి పిడికిలితో ఎదుటివాణ్ణి గుద్దాలి. మోకు వదిలినవాడు పక్కకు పోవాలి. కింద పడ్డవాణ్ణి ముట్టుకోకూడదు. పెద్దవ్వ కుండెడు నీళ్ళు మోకు మీద కుమ్మరించగానే అందరూ ఆగిపోవాలి. ఆ తర్వాత ఎవడు ఎవణ్ణి కొట్టాడో వాడే వాడి గాయానికి కాముణ్ణి కాల్చిన బూడిద రాయాలి. ఏడాది పొడుగునా నీళ్ళ కాడ, గట్ల కాడ పెంచుకున్న కోపాలన్నీ ఆ కాసేపట్లో అక్కడే కక్కెయ్యాలి. ఇదంతా ఎవరూ కాగితం మీద రాసిపెట్టలేదు.

మోకు దగ్గరికి పోకముందు ప్రతి మగవాడూ మా బాపమ్మ ముందు కూర్చుని కుడి చెయ్యి చాపాలి. ఆమె ఆ చెయ్యి విప్పి, ముందూ వెనకా చూసి, ఉంగరాలూ కడియాలూ ఊడదీయించి తన కొంగులో వేసుకుని, ఖాళీ అరచేతికి తడి పసుపు రాసేది. రాస్తూ మాట్లాడేది. "నీకూ వానికీ గట్టు కాడ లొల్లి ఉన్నదట గదా. గియ్యాల కొట్టుకోండ్రి, రేపు మాట్లాడుకోండ్రి." ఎవడికి ఎవడి మీద ఏ కోపముందో ఆమెకు తెలియంది లేదు. ఆ పని ఆమెకు ఆమె అత్త నేర్పింది. ఆ అత్తకు ఆమె అత్త.

లెక్క ప్రకారం బాపమ్మ తర్వాత మా అవ్వ కూర్చోవాలి. "అది కింది వాడ పిల్ల. అన్నదమ్ముల చేతులు సరిగ్గ చూడది" అని మా వాడ మగవాళ్ళు ఒప్పుకోలేదు. అందుకే నాకు బుద్ధి తెలిసిన దగ్గర్నుంచీ పసుపు గిన్నెతో బాపమ్మ పక్కన నన్నే కూర్చోబెట్టేవాళ్ళు. నాలోనూ సగం కింది వాడ నెత్తురే ఉందని ఎవరికీ తట్టలేదు.

ఇంకొక సంగతి కూడా ఎవరికీ తెలియదు. నేను చెప్పబోయే హోళీ నాటికి బాపమ్మకు కళ్ళు కనబడటం మానేసి మూడేళ్ళయింది. వెలుగూ నీడా తెలిసేవి, అంతే. గొంతును బట్టీ అరచేతి గరుకును బట్టీ మనిషిని పోల్చుకుని అందరినీ నమ్మించింది. నాకొక్కదానికే చెప్పింది. "నువ్వు మంచిగ చూడు. చెయ్యి ఖాళీ ఉంటె ఊఁ అను. ఏమన్న ఉంటె నా మోకాలు గిచ్చు. ఎవ్వలకు జెప్పకు బిడ్డా. నాకు కండ్లు లేవని తెలిస్తె గీ ఆట ఆగమైతది."

రెండేళ్ళు అట్లాగే నడిపించాం. మూడో ఏడు నాకు పన్నెండేళ్ళు.

ఆ ఏడే మా మేనమామ గల్ఫ్ నుంచి వచ్చాడు. మూడేళ్ళ తర్వాత రావడం. దగ్గరికొస్తే అత్తరు వాసన, నవ్వితే ఊరంతా నవ్వినట్టుండేది. నా చేతికి గడియారం తెచ్చాడు. చక్కెర పేరు ఏకంగా రెండు మెడలో వేసి, "తిను కోడలా, గిది ఎవ్వలూ లెక్కవెట్టరు" అన్నాడు. ఆ మనిషి అంటే నాకు ప్రాణం.

ఆయన పొలం, మా పొలం పక్కపక్కనే. రెంటికీ కలిపి ఒకటే బోరు. ఆయన లేని మూడేళ్ళూ నీళ్ళు బాపే పారించుకున్నాడు. తమ వంతు అడగడానికి వచ్చిన మా అవ్వ నాన్నను, ఆ ముసలి తాతను, గట్టు మీదనుంచే తిప్పి పంపాడు. ఆ ఏడు మామ వాళ్ళ పసుపు ఆకులోనే ఎండిపోయింది. మామ ఊళ్ళో దిగిన మూడో రోజే బోరు కాడ ఇద్దరూ గల్లాలు పట్టుకున్నారు. నాకు తెలుసు. కానీ అది పెద్దవాళ్ళ గొడవ అనుకున్నాను.

హోళీ నాడు మామ వంతు వచ్చింది. బాపమ్మ ముందు గొంతుక్కూర్చుని చెయ్యి చాపాడు. ఉంగరపు వేలికి లావుపాటి బంగారు ఉంగరం. రాయిని లోపలికి, అరచేతి వైపుకు తిప్పి ఉంచాడు. నేను తలెత్తి చూశాను.

"వస్తలేదు కోడలా, ఏలు వాసింది" అని పెదవులతోనే అన్నాడు. బాపమ్మ చూపు తన మీద నిలవడం లేదని కనిపెట్టినట్టున్నాడు. తర్వాత నా చెవి దగ్గరికి వంగి, "రాయి లోపలికే ఉన్నది గదా. ఏం గాదు. నలుగుట్ల నీ మామ ఇజ్జత్ దీస్తవా?" అన్నాడు.

నా వేళ్ళు బాపమ్మ మోకాలి మీద ఉన్నాయి. గిచ్చలేదు. "ఊఁ" అన్నాను. అంతటితో ఆగలేదు. బాపమ్మ వేళ్ళు ఆ రాయికి తగలకముందే గిన్నెలోంచి ఇంత ముద్ద తీసి నేనే దాని మీద మెత్తేశాను. మామ పిడికిలి మూసి, నాకు కన్ను గీటి లేచిపోయాడు.

డప్పు మోగింది. ఎవడికి ఎదురుగా ఎవడు నిలబడాలో ఎవరూ చెప్పరు. కోపం ఉన్నవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే ఎదురెదురుగా చేరతారు. మామకు ఎదురుగా బాపు నిలబడ్డాడు.

మొదటి గుద్దులు వింటే ధాన్యపు బస్తా మీద కట్టెతో కొట్టినట్టుంటుంది. తర్వాత ముక్కులు పగులుతాయి, చప్పుడు తడిగా మారుతుంది. మా వాళ్ళు అరుస్తున్నారు, వాళ్ళ వాళ్ళు అరుస్తున్నారు. నేను మామనే చూస్తున్నాను. బాపు కొట్టిన దెబ్బకు ఆయన పెదవి చిట్లింది. నవ్వాడు. చెయ్యి వెనక్కి లాగి మోచేతి దాకా బలం తెచ్చి గుద్దాడు. బాపు తల పక్కకు తిరిగింది. ఎడమ కంట్లోంచి రక్తం బుగ్గ మీదికి కాదు, ముందుకు చిమ్మింది.

బాపు కుప్పకూలాడు. పడ్డాక కూడా మోకు వదల్లేదు. ఆయన బరువుకు మోకు కిందికి సాగి, వరసలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారి ముందుకు తూలారు. మామ తన చేతి వంక చూసుకున్నాడు. ఉంగరం రాయి పైకి ఉంది, దానికి పసుపూ రక్తమూ అంటుకుని ఉన్నాయి. తడి పసుపుకు జారి అదే తిరిగిందో, తనే తిప్పుకున్నాడో, ఈ రోజుకీ నాకు తెలియదు.

"ఉంగరం! వాని చేతికి ఉంగరమున్నది!" ఎవరో అరిచారు.

తర్వాత జరిగింది ఆట కాదు. మోకు తెగింది. గొడ్డలి కామలు, గడ్డపారలు, బండి గూటాలు, చేతికందిన ప్రతిదీ లేచింది. బాపమ్మ కుండ ఎత్తి నీళ్ళు కుమ్మరించింది, ఎవరూ ఆగలేదు. కుండనే ఎవరో లాక్కుని ఇంకొకడి నెత్తి మీద పగలగొట్టారు. మా వాడ మగవాళ్ళు కింది వాడలోకి దూరి తలుపులు బద్దలు కొట్టారు. ఉడుకుతున్న పసుపు కడాయిని తన్నితే ఆ నీళ్ళు పడి ఒక ఆడమనిషి కాళ్ళు బొబ్బలెక్కిపోయాయి. వాళ్ళ వాళ్ళొచ్చి మా ఎర్రజొన్న చొప్పకు నిప్పు పెట్టారు. మా అవ్వ మధ్యలో నిలబడి, "మా తమ్ముడే, వద్దురా, నా మొగడే, వద్దురా" అని రెండు వైపులా దండం పెడుతుంటే ఆమె చెయ్యి మీద కూడా దెబ్బ పడి ముంజేయి విరిగింది. అది ఎవరి చేతి దెబ్బో తెలియలేదు.

నిజామాబాద్ దవాఖానలో బాపు కన్ను తీసేశారు.

మూడో రోజు పొద్దున ఊరు కూర్చుంది. అప్పటికే పోలీసులు రెండు వాడల నుంచీ మనుషుల్ని తీసుకుపోయారు, మామ కూడా అందులో ఉన్నాడు. పెద్దమనిషి ఒకాయన అడిగాడు. "వాని చెయ్యి చూసిందెవ్వలు?"

నేను బాపమ్మ వెనక్కి జరిగాను. బాపమ్మ లేచి నిలబడింది. "నేనే చూసిన. నేనే తప్పిన."

"గంత పెద్ద ఉంగరం కనబడలేదా పెద్దవ్వా?"

"కనబడలేదు" అంది బాపమ్మ. అది అబద్ధం కాదు కూడా.

ఇక ఆట బందు అని తీర్మానం చేశారు. రెండు వాడల మధ్య రాకపోకలు బందు. మా అవ్వ విరిగిన చేతికి కట్టుతో మూడు సందుల అవతలి పుట్టింటి వైపు చూస్తూ ఏడ్చేది, పోలేకపోయేది. బాపమ్మను అరుగుల మీద కూర్చునే ఆడవాళ్ళు కూడా పలకరించడం మానేశారు.

ఆ తర్వాత బాపమ్మ నన్నొక్క మాటా అనలేదు. ఒక రోజు పొద్దున్నే ఆమె తలకు నూనె రాస్తుంటే తనే అంది. "నా కండ్లే పోయినయి బిడ్డా. మోకాలు మీద గిచ్చితె తెలుస్తది. నువ్వు గిచ్చలేదు."

నూనె గిన్నె కింద పెట్టాను.

"నేను ఎవ్వలకు జెప్పను. నువ్వు జెప్పాలె. ఎప్పుడన్న జెప్పు, గని నువ్వే జెప్పాలె" అంది. అంతే. మళ్ళీ తల వంచి, నూనె రాయమంది.

ఆట ఆగితే కొట్లాటలు ఆగుతాయనుకున్నారు ఊరివాళ్ళు. ఆ ఏడాది మా ఊళ్ళో జరిగినన్ని దాడులు అంతకుముందు నేను చూడలేదు. వానాకాలంలో మా బోరు స్టార్టర్ బండరాయితో నుజ్జు చేశారు. మా వాళ్ళు వాళ్ళ ఎద్దు కాలి నరం కోశారు. ఆ ఎద్దు మూడు కాళ్ళ మీద రెండు రోజులు నిలబడి అరిచింది. మక్కచేను కాపలాకు పోయిన కింది వాడ పిల్లగాణ్ణి కొట్టి బావి గట్టున పడేశారు. దానికి బదులుగా, జక్రాన్‌పల్లి నుంచి సైకిల్ మీద వస్తున్న మా పక్కింటి అన్నను నలుగురు ఆపి గడ్డపారతో మోకాలు చితక్కొట్టారు. ఇరవై ఏళ్ళవాడు. మళ్ళీ సరిగ్గా నడవలేదు. ఎవడు కొట్టాడో అందరికీ తెలుసు, ఎవడూ చెప్పడు. మోకు ముందు నిలబడి కొడితే కనీసం ముఖం చూసి కొట్టేవాళ్ళు. ఇప్పుడు వెనకనుంచి వచ్చి కొట్టి పోతున్నారు.

మళ్ళీ పసుపు ఉడికే కాలం వచ్చింది. ఒక పొద్దున గట్టు మీద బాపు ఒక్కడే కడాయి కింద ఆకు తోస్తున్నాడు. పోయిన కంటి మీద గుడ్డ కట్టుకుని, పొగ రెండో కంట్లో పడకుండా తల వంచి కూర్చున్నాడు. సద్ది తీసుకుపోయిన నేను దాన్ని కింద పెట్టి నిలబడ్డాను.

"బాపూ, మామ చేతికి ఉంగరం నేను చూసిన. బాపమ్మకు జెప్పలేదు. మీదికెళ్ళి నేనే పసుపు మెత్తిన."

బాపు నన్ను చూశాడు. లేచాడు. కొట్టాడు. అంత దెబ్బ నేనెన్నడూ తినలేదు. పసుపు కుప్ప మీద పడ్డాను, చెవిలో గుయ్యిమని మోత. ఏడవలేదు. బాపు మళ్ళీ పొయ్యి ముందు కూర్చుని ఆకు తోశాడు. తోస్తూనే అడిగాడు.

"రాయి వాడు తిప్పిండా, అదే తిరిగిందా?"

"నాకు తెల్వది బాపూ."

"నాకు గూడ తెల్వది. వాన్ని అడిగితె వాడు గూడ తెల్వదనే అంటడు." ఇంకో మోపు ఆకు మంటలోకి తోసి, "నీళ్ళు మాత్రం నేను ఇయ్యలేదు. గది నాకు తెలుసు" అన్నాడు. "సద్ది దియ్యి. తిందం."

ఆ మధ్యాహ్నమే బాపు పంచాయతీ దగ్గరికి పోయి, హోళీకి మోకు కట్టమన్నాడు. నవ్వినవాళ్ళున్నారు, తిట్టినవాళ్ళున్నారు. "కన్ను పోయింది నాది. వద్దనాలంటె నేననాలె. నేను కట్టుమంటున్న" అన్నాడు. కింది వాడకు కబురు పోయింది. మూడు రోజులు జవాబు లేదు. నాలుగో రోజు వాళ్ళే కొత్త మోకు పేని తెచ్చి పంచాయతీ ముందు పడేసి పోయారు.

హోళీ నాడు జనం మధ్యలో బాపమ్మ నా చెయ్యి పట్టుకుని నిలబడింది. "నా కండ్లు పోయి నాలుగేండ్లయింది. మీకు చెప్పలేదు, గది నా తప్పు. చేతులు చూసింది గీ పొల్ల" అంది. నన్ను ముందుకు తోసింది. ఊరంతా చూస్తుండగా జరిగింది జరిగినట్టు చెప్పాను. నా గొంతు నాకే వినబడలేదు. గట్టిగా చెప్పమన్నారు. మళ్ళీ మొదటినుంచి చెప్పాను. మా పక్కింటి అన్న కర్ర ఆనించుకుని నన్నే చూస్తూ నిలబడి ఉన్నాడు. ఆ చూపును దాటి ఒక్కొక్క మాటా బయటికి రావడానికి ఎంత కష్టమైందో నాకు తెలుసు.

"ఈసారి గూడ గిదే చూస్తది" అంది బాపమ్మ.

"తప్పు జేసిన పొల్లనా?" అని లేచారు జనం.

"తప్పు జేసింది గన్కనే. ఇగ దాని కన్ను తప్పది."

నన్ను తన జాగాలో కూర్చోబెట్టింది. ఒక్కొక్కరే వచ్చి చెయ్యి చాపారు. కొందరు నా ముఖం మీద ఉమ్మినట్టు చూశారు, అయినా చాపారు. మామ వచ్చాడు. జైల్లో ఉండి వచ్చిన మనిషి, చెంపలు లోపలికి పోయాయి. కోడలా అని పిలవలేదు. "మంచిగ చూడు" అన్నాడు.

ఉంగరాన్ని ఆకురాయితో కోయించుకున్నాడట. వేలి చుట్టూ తెల్లటి గాడి, పక్కన కుట్లు. ఆ చేతిని ముందు చూశాను, వెనక చూశాను, వేళ్ళ సందుల్లో చూశాను, గోళ్ళ కింద చూశాను. వరసలో ఉన్నవాళ్ళు విసుక్కునేదాకా చూశాను. "ఖాళీ" అని ఊరికంతా వినబడేట్టు అరిచి పసుపు రాశాను.

బాపుకు ఎదురుగా నిలబడ్డాడు మామ. డప్పు మోగింది. బాపు గుద్దాడు. మామ ఎడమ చేత్తో మోకు పట్టుకున్నాడు, కుడి చెయ్యి మాత్రం ఎత్తలేదు. బాపు మళ్ళీ గుద్దాడు. పన్ను ఊడి మోకు మీద పడింది. ఎత్తలేదు. మళ్ళీ గుద్దాడు. ముక్కు పక్కకు ఒరిగింది.

"కొట్టురా బామ్మర్దీ" అన్నాడు బాపు.

"నాకు చేతగాదు బావా."

"నువ్వు ఊకె నిలబడితె నేను కొట్టేది ఆట గాదురా, చంపుడైతది. నన్ను అంత పని జెయ్యనియ్యకు. కొట్టు!" అని నోటి మీద గుద్దాడు.

మామ ఏడుస్తూ కొట్టాడు. మొదటి దెబ్బ బాపు భుజం మీద పడింది. "ముఖం మీద" అన్నాడు బాపు. తర్వాత దెబ్బ దవడ మీద. ఇద్దరికీ ఊపిరి అందలేదు. ఒకడి రక్తం ఇంకొకడి అంగీ మీద చిందింది. చుట్టూ మిగిలినవాళ్ళు కొట్టుకుంటూనే ఉన్నారు, ఏడాది బాకీ ఉన్న దెబ్బలన్నీ. మోకాలు చితికిన అన్న కూడా కర్ర పారేసి, మోకునే ఆసరాగా పట్టుకుని, తనను కొట్టినవాణ్ణి ముఖాముఖీ గుద్దాడు. ఎవరి చేతిలోనూ ఇనుము లేదు. బాపమ్మ తడుముకుంటూ వచ్చి కుండ కుమ్మరించింది. ఆగిపోయారు. మగవాళ్ళ రొప్పు ఒక్కటే వినబడింది.

మామ బూడిద తెచ్చి బాపు దవడకు రాశాడు. తర్వాత పోయిన కంటి గుంట కింద రాశాడు. బాపు రక్తం ఉమ్మి, "నీళ్ళు రేపటి సంది రోజు విడిచి రోజు. మొదటి దినం నీది" అన్నాడు.

కన్ను తిరిగి రాలేదు. వాళ్ళిద్దరూ మళ్ళీ పాత బావా బామ్మర్దులు కాలేదు కూడా. మామ ఆ ఏడే గల్ఫ్ వెళ్ళిపోయాడు, వచ్చినప్పుడల్లా మా ఇంటి గుమ్మం బయటే కూర్చుని మా అవ్వతో మాట్లాడి పోయేవాడు. నన్ను మాత్రం మళ్ళీ కోడలా అన్నాడు, చాలా ఏళ్ళకు, నా పెళ్ళిలో. మామ మా అవ్వను తన ఇంటికి రమ్మని పిలిచినప్పుడు బాపు అడ్డు చెప్పలేదు. ఊళ్ళో చాటుగా కొట్టుకోవడం మాత్రం ఆ రోజుతో తగ్గింది. కొందరు దాన్ని బాపు గొప్పతనం అన్నారు. బాపు మాత్రం, "గది మోకు పని" అనేవాడు.

పెళ్ళై ఆర్మూర్ వచ్చేదాకా ఆ జాగాలో నేనే కూర్చున్నాను. ఆ తర్వాత మా తమ్ముడి భార్య వచ్చింది. ధర్పల్లి పిల్ల, డిగ్రీ చదివింది, మా ఆట పేరు చెబితే ముక్కు చిట్లించింది. బాపమ్మ అప్పటికి లేదు. నేర్పవలసింది నేనే. పసుపు ఎంత నీళ్ళలో కలపాలో, ఎవరింటికీ ఎవరింటికీ పడదో, అవన్నీ నేను తర్వాత చెప్పాను. ముందు ఉంగరం సంగతి చెప్పాను, మా ఊళ్ళో చెప్పినట్టే, ఏదీ దాచకుండా.

అంతా విని ఆ పిల్ల అడిగింది. "గంత జరిగినంక మీ మామ మీద కోపం రాలేదా వదినా?"

"వచ్చింది. ప్రేమ గూడ పోలేదు. రెండూ ఉంటయి. రెండూ ఉన్నా చెయ్యి ఖాళీ ఉన్నదో లేదో చూడాలె. మన పని గంతే" అన్నాను.

ఆమె నా దగ్గరికి జరిగింది. తర్వాత నా కుడి చెయ్యి తన ఒళ్ళోకి లాక్కుని విప్పింది. నా వేలికున్న పెళ్ళి ఉంగరాన్ని, నేను నవ్వుతూ వద్దంటున్నా వినకుండా, సబ్బు రాసి మరీ ఊడదీసి కొంగులో వేసుకుంది. ముందు చూసింది, వెనక చూసింది. వేళ్ళ సందుల్లో చూసింది.